డెట్రాయిట్ వాళ్ళు రంగు చూసి ఓటేశారా?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు డెట్రాయిట్‌కు మేరీ షెఫీల్డ్ మేయర్ అయ్యారు. 2025 నవంబరు ఎన్నికలో నూటికి డెబ్బై అయిదుకు పైగా ఓట్లు తెచ్చుకుని గెలిచారు. ఆ నగరానికి తొలి మహిళా మేయర్ ఆవిడే. నల్లజాతి మనిషి. పన్నెండేళ్ళు తెల్లజాతి మేయర్ ఉన్న ఊళ్ళో మళ్ళీ నల్లజాతి మేయర్ రాగానే పాత మాట ఒకటి తిరిగి వినబడుతోంది: "వాళ్ళు రంగు చూసి ఓటేస్తారు, అందుకే ఆ ఊరు అలా తగలబడింది" అని. బాధేమిటంటే ఈ మాట ఆ నగరం పొలిమేరలు దాటి ట్రాయ్‌లో, నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, క్యాంటన్‌లో ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువాళ్ళ నోటా వస్తుంటుంది. ఇది తప్పు మాట అని చెప్పడానికే ఈ సంపాదకీయం. పైగా ఈసారి షెఫీల్డ్ మీద పోటీ చేసి ఓడిపోయిన పాస్టర్ సోలమన్ కిన్లాక్ కూడా నల్లజాతి ఆయనే, కాబట్టి ఎవరి రంగు చూసి ఎవరికి ఓటేశారో ఆ మాట అన్నవాళ్ళే చెప్పాలి.

ముందు ఒక గోడ గురించి చెప్పాలి. నగరానికి ఉత్తరపు పొలిమేర అయిన ఎయిట్ మైల్ రోడ్డుకు దక్షిణంగా, డెట్రాయిట్‌ ఇళ్ళ పెరళ్ళ వెనక నుంచి అరమైలు పొడవున ఆరడుగుల కాంక్రీటు గోడ ఒకటి ఇప్పటికీ ఉంది. 1941లో ఒక బిల్డరు కట్టించాడు. అవతల నల్లజాతి వాళ్ళ ఇళ్ళున్నాయి కాబట్టి ఇవతల తెల్లవాళ్ళ కోసం కట్టే ఇళ్ళ అప్పులకు పూచీ ఉండబోమని ఫెడరల్ హౌసింగ్ సంస్థ అంటే, మధ్యలో గోడ కడతానన్నాడు, అప్పుడు సరేనన్నారు. అంటే ప్రభుత్వమే అడిగి కట్టించుకున్నట్టు లెక్క. ఇప్పుడు ఆ గోడకి ఒక పార్కు పక్కన రంగురంగుల బొమ్మలు వేశారు, పిల్లలు దాని పక్కనే ఆడుకుంటారు. రంగు చూసి ఇల్లు ఇచ్చినవాళ్ళు, రంగు చూసి అప్పు ఇచ్చినవాళ్ళు, రంగు చూసి ఊరు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు ఎవరో ఆ గోడ చెబుతుంది. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నల్లవాళ్ళనే ఎందుకు అడుగుతారు?

1973 సంగతి చూద్దాం. కోల్మన్ యంగ్ మొదటి నల్లజాతి మేయర్‌గా గెలిచిన ఎన్నిక అది. నిజమే, ఆ ఎన్నికలో నల్లవాళ్ళు దాదాపు అందరూ ఆయనకు, తెల్లవాళ్ళు దాదాపు అందరూ అవతలి అభ్యర్థికి వేశారు. అయితే ఆ అవతలి అభ్యర్థి ఎవరు? జాన్ నికల్స్, ఊరికి పోలీసు కమిషనర్. ఆరేళ్ళ కిందట, 1967 జూలైలో, లైసెన్సు లేని ఒక బారు మీద పోలీసుల దాడితో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే. ఆ తర్వాతైనా పద్ధతి మారిందా అంటే లేదు, దొంగల్ని పట్టడానికని మఫ్టీలో తిరిగే 'స్ట్రెస్' అనే పోలీసు దళం పెట్టారు, రెండు మూడేళ్ళలో దాని చేతిలో ఇరవై మందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలోనూ అత్యధికులు నల్లవాళ్ళే. ఆ దళాన్ని తీసేస్తానని చెప్పి యంగ్ ఓటడిగారు, గెలిచాక తీసేశారు. కొడుకు సాయంత్రం ఇంటికి ప్రాణాలతో వస్తాడో రాడో అని టెన్షన్ పడే తల్లి ఆ మనిషికి ఓటేస్తే దాన్ని జాతిపిచ్చి అంటారా?

యంగ్ ఇరవై ఏళ్ళు మేయర్‌గా ఉన్నారు. ఆయన తప్పులు ఆయనకున్నాయి. డౌన్‌టౌన్ కట్టడాల మీద పెట్టిన శ్రద్ధ పేటల మీద పెట్టలేదన్న విమర్శ కొట్టిపారేయలేనిది. కానీ 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉన్న నగరం చిక్కిపోవడం ఆయన రాకముందే మొదలైంది. కార్ల ఫ్యాక్టరీలు శివార్లకు తరలాయి, నల్లవాళ్ళ దుకాణాలతో కళకళలాడిన బ్లాక్ బాటమ్ పేటను పడగొట్టి దాని మీదుగా హైవే వేశారు, తెల్లవాళ్ళు ఎయిట్ మైల్ రోడ్డు దాటి వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటే పన్నులూ వెళ్ళాయి. యంగ్ కుర్చీ ఎక్కిన 1974లోనే సుప్రీం కోర్టు మిల్లికెన్ కేసులో తీర్పు ఇచ్చింది, నగరం బళ్ళలో జాతి వేర్పాటును సరిచేయడానికి శివారు బళ్ళను కలపనక్కర్లేదని. ఆ రోడ్డు అవతలికి వెళ్తే ఇక అన్ని బాధ్యతలూ తీరిపోయినట్టే అని కోర్టే చెప్పినట్టయింది. మేయర్ ఎవరైతే మాత్రం, రోడ్డు అవతల ఆయన మాట చెల్లదు కదా.

ఆ తర్వాతి మేయర్లలో ఒకరైన క్వామీ కిల్పాట్రిక్ సంగతి దాచాల్సిన పని లేదు. యువకుడు, మాటకారి, జనం నెత్తిన పెట్టుకున్నారు, ఆయనేమో ఊరి సొమ్ము తిన్నాడు. 2008లో రాజీనామా చేశాడు, 2013లో అవినీతి కేసుల్లో 28 ఏళ్ళ శిక్ష పడింది, 2021లో ట్రంప్ శిక్ష తగ్గించడంతో బయటికొచ్చాడు. మావాడే అని నమ్మిన మనిషి చేసిన మోసం పరాయివాడి మోసం కన్నా ఎక్కువ మండుతుంది, ఆ మంట డెట్రాయిట్ జనానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

2013కి వచ్చేసరికి ఆ ఊళ్ళో వీధి దీపాలు నూటికి నలభై దాకా వెలగడం లేదు. ఒక్కసారి ఊహించుకోండి, చలికాలం అయిదున్నరకే చీకటి పడే ఊరు, బస్సు దిగి ఇంటికి వెళ్ళాలంటే మధ్యలో పాడుబడ్డ ఇళ్ళు, వీధి పొడుగునా ఒక్క దీపం లేదు. ఆ ఏడాది మేయర్ ఎన్నికకు మైక్ డగ్గన్ అనే తెల్లజాతి ఆయన నిలబడ్డారు. లివోనియా శివారు నుంచి అంతకుముందు ఏడాదే నగరంలోకి మారారు. నివాసం ఏడాది నిండకముందే, సుమారు రెండు వారాల ముందు నామినేషన్ వేశారని కోర్టు ఆయన పేరు ఆగస్టు ప్రైమరీ (తొలి విడత ఎన్నిక) బ్యాలెట్ మీద లేకుండా తీసేసింది. అంటే ఆయనకు ఓటెయ్యాలనుకున్నవాళ్ళు బ్యాలెట్ మీద ఖాళీ గీత దగ్గర ఆయన పేరు చేత్తో రాయాలి. నూటికి ఎనభై మందికి పైగా నల్లవాళ్ళున్న ఊళ్ళో వేలవేల మంది ఆ తెల్లాయన పేరు చేత్తో రాశారు! ఇళ్ళ హాల్లో పాతిక ముప్ఫయి మందిని కూర్చోబెట్టుకుని ఆయన చెప్పింది విన్నారు, దీపాలు వెలిగిస్తాడని నమ్మారు, నవంబరులో గెలిపించారు. 2016 చివరికి అరవై అయిదు వేల కొత్త ఎల్‌ఈడీ దీపాలు వెలిగాయి. 2017లో, 2021లో మళ్ళీ గెలిపించారు. ఇది రంగు చూసి ఓటేసే జనం చేసే పనేనా?

అసలు అన్యాయం వేరే చోట జరిగింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అప్పుల్లో పడ్డ ఊరి పెత్తనం ఎన్నికైనవాళ్ళ చేతిలోంచి తీసి పై నుంచి పెట్టిన మేనేజర్‌కు అప్పగించే ఎమర్జెన్సీ మేనేజర్ చట్టం వద్దని మిషిగన్ ఓటర్లు 2012 నవంబరులో రాష్ట్రమంతటా ఓటేసి కొట్టేశారు. మరుసటి నెలే, డిసెంబరులో, రాష్ట్ర శాసనసభ అలాంటిదే ఇంకో చట్టం తెచ్చింది. 2013 మార్చిలో గవర్నర్ రిక్ స్నైడర్, కెవిన్ ఓర్‌ను డెట్రాయిట్ మీద కూర్చోబెట్టారు. ఓర్ కూడా నల్లజాతి ఆయనే, కానీ జనం ఎన్నుకున్న మనిషి కాదు. జనం ఎన్నుకున్న మేయర్ డేవ్ బింగ్ పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. జూలైలో నగరం పద్దెనిమిది వందల కోట్ల డాలర్ల అప్పులతో దివాలా పిటిషన్ వేసింది. చివరికి పింఛన్లు కోసేశారు, రిటైరైన నగర ఉద్యోగులకు ఆరోగ్య బీమా చాలావరకు పోయింది. చెత్త బండి తోలినవాడు, గుమాస్తాగా చేసినవాడు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కట్టారు ఆ బాకీ. ఒక దశలో మిషిగన్‌లోని నల్లవాళ్ళలో దాదాపు సగం మంది ఇలాంటి మేనేజర్ల కింద ఉన్నారు. ఫ్లింట్‌లో 2014లో తాగునీటిని నది నుంచి తీసుకునేలా మార్చి జనాన్ని సీసం పాలు చేసినప్పుడు ఆ ఊరు కూడా మేనేజర్ చేతిలోనే ఉంది. మా మాట సూటిగా చెబుతాం: కష్టాల్లో ఉన్న ఊరికి తప్పుడు మేయర్‌ను ఎన్నుకునే హక్కు కూడా ఉండాలి, ఎందుకంటే తప్పని తెలిశాక ఓటుతోనే దించగలరు, పై నుంచి దిగిన మనిషిని దించలేరు.

మేయర్ అంటే రిబ్బన్ కత్తిరించే మనిషి అనుకునే అలవాటు మనకుంది, మన కార్పొరేషన్లలో అసలు పెత్తనం కమిషనర్‌ది కాబట్టి. డెట్రాయిట్‌లో అలా కాదు. పోలీసు ఛీఫ్‌ను పెట్టేది, బడ్జెట్ వేసేది, బస్సులు నడిపేది మేయరే. అందుకే షెఫీల్డ్ మీద భారం పెద్దది. డగ్గన్ అప్పగించిన ఊరు 2013 నాటి ఊరు కాదు, హత్యలు 2024లో 203కి తగ్గాయి, 1960ల తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేవు, 2023లో జనాభా 1957 తర్వాత తొలిసారి పెరిగింది. కానీ డౌన్‌టౌన్‌లో వెలిగిన వెలుగు తూర్పు పేటలకు ఇంకా చేరలేదు. 2010 నుంచి 2016 దాకా ఇళ్ళ విలువ ఎక్కువ చేసి చూపి నగరం జనం దగ్గర అరవై కోట్ల డాలర్లకు పైగా అదనపు పన్ను లాగిందని డెట్రాయిట్ న్యూస్ పత్రిక లెక్క తేల్చింది. ఆ పన్ను కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకేం చేస్తారో ఆవిడ చెప్పాలి, అడ్వాన్సుగా మెచ్చుకునే తొందర మాకు లేదు.

ఇక మనవాళ్ళకు ఒక మాట. నోవైలో ఉన్నవాళ్ళకు షెఫీల్డ్‌కు ఓటెయ్యడానికి హక్కు లేదు. అయినా ఆ నగరం బతుకులో వాళ్ళ ఓటుకు చోటుంది. నగరంలో ఉంటూ శివార్లలో ఫ్యాక్టరీ పనికి, హోటల్ పనికి పోయేవాళ్ళు బస్సు ఆగిపోయే చోట దిగి, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన మంచులో మైళ్ళకొద్దీ నడిచేవాళ్ళు, ఎందుకంటే మా ఊళ్ళోకి ఆ బస్సు వద్దు అని తప్పుకునే వీలు శివారు పట్టణాలకు ఉండేది. నోవై అలా తప్పుకున్న ఊళ్ళలో ఒకటి. డెట్రాయిట్ ప్రాంతపు నాలుగు కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి) కలిపి బస్సులు, రైళ్ళు వేసే పన్ను ప్రతిపాదన 2016లో స్వల్ప తేడాతో ఓడిపోయింది. 2022లో నోవై ఉన్న ఓక్లాండ్ కౌంటీ ఓటర్లు బస్సు పన్నుకు సరేనన్నాకే ఆ కౌంటీలో ఆ తప్పుకునే వీలు పోయింది. ఇలాంటి పన్ను మళ్ళీ బ్యాలెట్ మీదికి వచ్చినప్పుడు, మా ఇంటికి రెండు కార్లున్నాయి కదా మాకెందుకు అని వదిలెయ్యకుండా వెళ్ళి అవునని ఓటేసి రండి.