ఫుల్ మీల్స్ బోర్డు, మూసిన తలుపు

ఇంటర్నెట్‌కు మీటరు తిరిగిన కాలమే ధర్మకాలమని నా నిశ్చితాభిప్రాయం. 1996లో అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీ, అదే ఏఓఎల్, నెలకు 9.95 డాలర్లకు ఐదు గంటలు వడ్డించి, ఆపైన గంటకు 2.95 డాలర్లు వసూలు చేసేది. దాంతో జనానికి ఎంత క్రమశిక్షణ అబ్బిందనుకున్నారు! ఉత్తరం ముందే రాసి పెట్టుకుని, ఫోన్ లైను మీద మోడెమ్ కీచుమని కలవగానే పంపేసి, వచ్చినవి దింపుకుని లైను కోసేసేవారు. చదవడం తర్వాత, తీరిగ్గా. ఫొటో గీత గీతగా దిగుతుంటే, నుదురు కనపడింది చాల్లే, ముక్కు దాకా ఎందుకనే వివేకం ఉండేది.

పోటీవాళ్లు చెడగొట్టారు. ఏటీ అండ్ టీ 19.95కు నెలంతా వాడుకోమంది. చేసేదేం లేక 1996 డిసెంబర్ 1న ఏఓఎల్ కూడా అదే ధరకు ‘ఎంతసేపైనా’ బోర్డు కట్టింది. ప్లేట్ మీల్స్ హోటలు రాత్రికి రాత్రి ఫుల్ మీల్స్ పెడితే వచ్చినవాడు లేస్తాడా? లేస్తే మళ్లీ కుర్చీ దొరకదని తెలిశాక, కడుపు నిండినవాళ్లూ విస్తరి ముందే కూర్చున్నారు. ‘ఇంకా ఉన్నారా?’ అని తెర మీద కంపెనీ అడిగితే, ఉన్నానని తనంతట తానే బటన్ నొక్కే చిన్న ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. మనిషి మంచం మీద గురక, కంప్యూటర్ మాత్రం హాజరు.

బయటున్నవాళ్లకు ఎంగేజ్ టోన్. దీన్ని మోసమన్నారు కొందరు. నేనొప్పుకోను. లోపలికి వచ్చాక ఎంతసేపైనా అన్నారు గానీ, రానిస్తామని ఎక్కడన్నారు? అయినా అక్కడి పలు రాష్ట్రాల ప్రభుత్వ న్యాయాధికారులైన అటార్నీ జనరళ్లు పట్టు వదల్లేదు. 1997 జనవరిలో కంపెనీ డబ్బు వాపసుకు ఒప్పుకుంది, సామర్థ్యం పెంచడానికి 35 కోట్ల డాలర్లు పెడతామంది. ముందు టోకెన్లు అమ్మి, తర్వాత వంటగది కట్టడం కూడా ఒక పద్ధతే.

ఫోన్ కంపెనీల ఏడుపు ఇంకోటి. మా ఎక్స్ఛేంజీలు నాలుగు నిమిషాల కబుర్లకు కట్టినవి, వీళ్లు గంటలకొద్దీ లైను పట్టుకుని వేలాడుతున్నారు, నిమిషానికింత ఇప్పించండని అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి మొరపెట్టుకున్నాయి. 1997 మేలో కుదరదని తేలిపోయింది. ఇంటర్నెట్ పుణ్యమా అని ఇంటింటికీ రెండో లైను అమ్ముకున్న సంగతి మాత్రం ఆ మొరలో పెద్దగా వినపడలేదు.

ఈ విషయంలో మన దేశమే ఆదర్శం. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్ఎన్ఎల్ తెచ్చిన ఇంటర్నెట్‌కు గంటల లెక్క ఒకటి, ఫోన్ పల్సుల లెక్క ఇంకొకటి. ఏకకాలంలో రెండు మీటర్లు! మా ఇంట్లో మూడోది కూడా ఉండేది, మా నాన్న. పక్క గదిలోంచి పావుగంటకోసారి దగ్గేవారు. రెండో దగ్గుకి ఎంత ముఖ్యమైన పేజీ అయినా సగంలో ఆపేయాల్సిందే.