సవరణ: వైద్యశాల ఒక సంఘానిది, బ్యాంకు మరో సంఘానిది

న్యూయార్క్ దుస్తుల కార్మికుల సంఘం సొంత వైద్యశాల, బ్యాంకు, ఇళ్లు ఏర్పరచుకుందని మా మేడే పోస్టులో రాశాం. అవన్నీ ఒకే సంఘానివి కావు.

ఆడవాళ్ల దుస్తులు కుట్టేవాళ్లది ఇంటర్నేషనల్ లేడీస్ గార్మెంట్ వర్కర్స్ యూనియన్. 1900లో మొదలైంది. గాలి ఆడని గదుల్లో కుట్టుపని చేసేవాళ్లను క్షయ పీల్చేస్తున్న రోజుల్లో, 1913లో వైద్యశాల తెరిచింది ఇదే. న్యూయార్క్‌లో 146 మంది చనిపోయిన ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం 1911 నాటిది. కాబట్టి ఆ ప్రమాదం వల్లే సంఘం పుట్టిందన్న వాక్యాన్ని తీసేశాం.

మగవాళ్ల దుస్తుల వైపు 1914లో అమాల్గమేటెడ్ క్లోథింగ్ వర్కర్స్ వచ్చింది. 1923 నాటి బ్యాంకు, 1927లో బ్రాంక్స్‌లో కట్టిన సహకార ఇళ్లు దీనివి. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది, చిత్రంగా! ఈ రెండు పాయలూ 1995లో 'యునైట్' పేరుతో కలిశాయి. అందుకే చాలాచోట్ల కలగాపులగంగా రాస్తుంటారు.

అదే పోస్టులోని వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు పేరాలో మార్పేమీ లేదు. మిల్లు మొదలైంది 1934లోనే.

మన దగ్గరి వాళ్లకు అసలు అవసరమైన వివరణ ఇది. వరంగల్ దగ్గరి గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో పనిచేసే ఒక చెల్లె "యూనియన్‌లో లేకపోతే ఈఎస్ఐ రాదా అన్నా?" అని అడిగింది. వస్తది. ఈఎస్ఐ అంటే కార్మికుల వైద్య బీమా. అది చట్టం ఇచ్చిన హక్కు, యూనియన్ చందాతో సంబంధం లేదు. ప్రస్తుతం నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే అందులో కార్మికురాలి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. కోసిన డబ్బు జమ చేయకపోతే నిలదీయడానికి మాత్రం యూనియన్ పనికొస్తది.