కాసా గ్రాండేలో నాన్న చెప్పు

నాన్నకి గ్రాండ్ కాన్యన్ చూపిస్తే "బానే ఉంది గానీ ఎంత గొయ్యైతే ఏం లాభంరా, నీళ్ళేమో ఎక్కడో అడుగున ఉన్నాయి" అన్నారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన మనిషి, కాలవ లేకపోతే ఆయన లెక్కలో అది చూడాల్సిన చోటే కాదు. అందుకే బాగా ఆలోచించి కాసా గ్రాండే శిథిలాలకి ప్లాన్ చేశా, ఎందుకంటే అవి కట్టిన హోహోకామ్ వాళ్ళు ఈ అరిజోనా ఎడారిలో బండిచక్రం, ఎద్దు ఏమీ లేకుండా కర్రలతో తవ్వి మైళ్ళకి మైళ్ళు కాలవలు పారించిన జనం.

ఫోన్‌లో కాసా గ్రాండే అని కొట్టి ఫీనిక్స్ పక్కనే మేముండే చాండ్లర్‌లో బయల్దేరాం, ఫోన్ కూడా నిజాయితీగా కాసా గ్రాండేకే తీసుకెళ్ళింది. అంటే ఆ పేరున్న ఊరికి. ఓ సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో కారు ఆపితే అమ్మ అద్దంలోంచి తొంగి చూసి "శిథిలాలన్నావ్, కొత్తగా రంగులేసినట్టున్నారే" అంది. అసలు శిథిలాలు ఇంకో ఇరవై మైళ్ళ అవతల కూలిడ్జ్ అనే ఊళ్ళో ఉన్నాయి. మా ఆవిడ ముందురోజు రాత్రే "ఒకసారి అడ్రస్ చూసుకోండి" అంది, ఇప్పుడు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు, అనుంటే బాగుండేది.

చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, జూన్ నెల, కారు మీటర్లో 111 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 44. నాన్న దిగి "రాజమండ్రి ఎండ చూసినోణ్ణి, నాకిదో లెక్కా" అని కండువా భుజానేసుకుని నడిచారు. (ఈ మాట గుర్తుంచుకోండి.)

లోపల మ్యూజియం చిన్నదే, చల్లగా ఉంది. అమ్మ ఒక రాయి ముందు ఆగిపోయింది. మొక్కజొన్న నూరుకునే రాయి, పక్కనే పొత్రం, "ఏవండీ, సన్నికల్లండీ!" అని కేకేసింది, తర్వాత ఆ రాతిలో పడ్డ గుంట చూసి "ఇంత అరిగిందంటే ఆ ఇంటి కోడలు ఎంత చాకిరీ చేసిందో" అని నిట్టూర్చి మా ఆవిడ వైపు చూసింది, మా ఆవిడ గవ్వల వైపు చూసింది.

నాన్న కాలవల మ్యాప్ దగ్గర పాతుకుపోయారు. గుండ్రటి టోపీ పెట్టుకున్న రేంజరమ్మాయి హలో అనడం పాపం, మొదలెట్టారు. "అమ్మాయ్, బెడ్ ఫాల్, అదే కాలవ అడుగు వాలు, ఎంతిచ్చారు? లెవెల్స్ ఎలా చూశారు? పూడిక ఎవరు తీసేవాళ్ళు?" నేను పూడికకి ఇంగ్లీషు మాట వెతుక్కునేలోపే ఆయన రెండు చేతులతో బురద ఎత్తి పోసి చూపించారు, ఆ పిల్లకి వెంటనే అర్థమైంది, ఊళ్ళవాళ్ళంతా కలిసే తీసుకునేవాళ్ళని అనుకుంటారంది. "చూశావురా, కాంట్రాక్టర్ లేడు!" అన్నారు నాన్న, కళ్ళు మెరుస్తుంటే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికే ఈ జనం ఇక్కడ్నించి కదిలి నాలుగొందల ఏళ్ళు అయిపోయిందని నేను చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

బయట అసలు కట్టడం, 1350 ప్రాంతంలో సున్నపు మట్టితో కట్టిన నాలుగంతస్తుల ఇల్లు, అడుగున గోడలు నాలుగడుగుల మందం, వాన పడి కరిగిపోకుండా పైన 1932లో వేసిన పెద్ద ఇనప పందిరి. నేను గైడు గొంతు తెచ్చుకుని "నాన్నా, అదిగో పైన పడమటి గోడకి గుండ్రటి కన్నం, జూన్‌లో పగలు అన్నిటికన్నా పొడుగుండే రోజున అస్తమించే సూర్యుడు సరిగ్గా దాంట్లోకి..." అంటుంటే టప్ అని చప్పుడైంది.

నాన్న చెప్పు. ఎండకి బంక కరిగి అడుగు మొత్తం ఊడి మొసలి నోరు తెరిచినట్టు వేలాడుతోంది. "ఏం కాదులే" అని తీసి నేల మీద కాలు పెట్టారు, పెట్టగానే రాజమండ్రి ఎండ చూసిన మనిషి ఒంటికాలి మీద అంతెత్తు ఎగిరారు. అమ్మ జడకున్న రబ్బరు బ్యాండు తీసి చెప్పుకి చుట్టింది, నాలుగడుగులేస్తే అది తెగి ఎగిరి అవతల పడింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి అమ్మ భుజం మీద, చెప్పు మా ఆవిడ చేతిలో, అలా ఊరేగింపుగా వస్తుంటే రేంజరమ్మాయే చూసి పరిగెత్తుకెళ్ళి వెండి రంగు టేపు తెచ్చి నాలుగు చుట్లు చుట్టి ఇచ్చింది. "ఇదీ ఇరిగేషన్ పని" అన్నారు నాన్న, కన్నం సంగతి మాత్రం ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చేదారిలో మా ఇంటి దగ్గర కాలవ కనపడగానే కారు ఆపమన్నారు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఇప్పటి కాలవలు కొన్ని ఆ పాత కాలవల దారినే తవ్వారని పొద్దున కార్లో నేనే చెప్పి ఉన్నా. టేపు చెప్పుతో గట్టు మీద నిలబడి చాలాసేపు కిందకి చూశారు.

"పూడిక తీయించాల్రా" అన్నారు.