కిటికీ గట్టు మీద బంగారు మేకు

పోయిన నెల నేను శాస్త్రవేత్తనయ్యాను. పొద్దున్నే కాఫీ తాగుతుంటే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, "గౌరవనీయులైన ప్రముఖ పరిశోధకులకు" అంటూ. పంపినవాళ్ళు పొరపాటు పడ్డారేమో అనుకున్నాను. నేను ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఇచ్చిన ఉప్పేదో కనిపెట్టలేక, లాబ్ అటెండర్ చేతిలో పది రూపాయలు పెట్టి జవాబు తెలుసుకున్నవాణ్ణి. మెసేజ్ మొత్తం చదివాక అర్థమైంది, నన్ను సరిగ్గా ఆ అర్హత చూసే పిలిచారని.

"భూ, పర్యావరణ శాస్త్రాల్లో ఇటీవలి పరిశోధనలు" అనే అంతర్జాతీయ గ్రంథం వేస్తున్నారట. అందులో నేనొక అధ్యాయం రాయాలట. చాప్టర్‌కి 1,500 రూపాయలు. వాళ్ళు నాకిచ్చేది కాదండీ, నేను వాళ్ళకిచ్చేది. రెండో రచయిత పేరు కూడా వెయ్యాలంటే అదనంగా 300. నిపుణుల పరిశీలన 48 గంటల్లో అయిపోతుంది. సర్టిఫికెట్ మెయిల్‌లో వస్తుంది. విషయం ఏదైనా ఫరవాలేదు, భూమికో పర్యావరణానికో సంబంధం ఉంటే చాలు. అంతకంటే ఉదారమైన నిబంధన నేనెక్కడా చూడలేదు. భూమికి సంబంధం లేకుండా రాయాలంటే ముందు భూమి వదిలి వెళ్ళాలి కదా.

ఆ గ్రంథం ఆవిష్కరణ మన విశాఖలోనే, రెండు రోజుల సెమినార్‌లో. బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్. పేరెందుకులెండి, లోపలికెళ్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. పర్యావరణం కదాని కిట్ బ్యాగ్ జనపనారతో కుట్టించారు. లోపల ప్లాస్టిక్ ఫోల్డర్, ప్లాస్టిక్ కవర్లో పెన్ను, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు. ఏసీ ఎంత పెట్టారంటే, భూతాపం గురించి మాట్లాడటానికొచ్చిన పెద్దలు వణుకుతూ, సాయంత్రం సన్మానానికి దాచిన శాలువాలు పొద్దున్నే అడిగి తెప్పించుకుని కప్పుకున్నారు.

జ్యోతి ప్రజ్వలన సంగతి మాత్రం తాపీగా చెప్పాలి. నిలువెత్తు సెమ్మె, అయిదు వత్తులు, సరిగ్గా దాని నెత్తిన ఏసీ గాలి వచ్చే కన్నం. ముఖ్య అతిథి కొవ్వొత్తి ముట్టించారు, ఆరిపోయింది. మళ్ళీ ముట్టించారు, వత్తి దాకా వచ్చి ఆరిపోయింది. యాంకరమ్మ "దీపం జ్యోతిః పరబ్రహ్మ" మూడోసారి అందుకుంది. ఎవరో "ఏసీ కాస్త ఆపండయ్యా" అన్నారు. మేనేజరు చేతులు కట్టుకుని, సెంట్రల్ ఏసీ అండీ, పక్క హాల్లో సీమంతం జరుగుతోంది, అటు కూడా ఆగిపోతుంది అన్నాడు. శాస్త్రవేత్తలు ఆలోచనలో పడ్డారు. నలుగురు డాక్టరేట్లు, ఒక విశ్రాంత డీన్, ఒక ఆరిన కొవ్వొత్తి.

చివరికి ఒక కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వేదిక వెనకున్న ఫ్లెక్సీ విప్పించాడు. దాని మీద నీలి భూగోళం, కింద "పుడమి తల్లిని కాపాడుకుందాం". నలుగురు రీసెర్చ్ స్కాలర్లు నాలుగు కొసలు పట్టుకుని దీపం చుట్టూ పరదాలా నిలబడ్డారు. దీపం వెలిగింది. హాలంతా చప్పట్లు. నలుగురిలో ఒకడు మర్యాదస్తుడు, తనూ చప్పట్లు కొట్టాడు. కొస జారింది. పుడమి తల్లి పోయి నేరుగా జ్యోతి మీద వాలింది.

ఫ్లెక్సీ కాలితే వచ్చే వాసన మీరెప్పుడైనా పీల్చారో లేదో. నల్లటి పొగ లేచింది, అలారం మోగింది, ముందు వరసంతా దగ్గు. భూగోళం మీద బంగాళాఖాతం ఉండాల్సిన చోట తాటికాయంత కంత పడింది. యాంకరమ్మ తొణక్కుండా "సాంకేతిక కారణాల వల్ల" అంది. అయిదు నిమిషాలాగి మొదటి పేపర్ మొదలైంది. శీర్షిక: నగరాల్లో గాలి నాణ్యత. సమర్పకుడు దగ్గుతూనే చదివాడు. దాన్ని క్షేత్ర పరిశోధన కింద జమ కట్టాలి. గ్రూప్ ఫొటోలో కంత కనపడకుండా విశ్రాంత డీన్‌గారిని దాని ముందు నిలబెట్టారు. మనిషి పొట్టి. ఆయన తల పైనించి బంగాళాఖాతం లోతు కనిపిస్తూనే ఉంది.

పేపర్‌కి ఎనిమిది నిమిషాలు, గంట కొడితే దిగిపోవాలి. నేను మొదటిరోజు విన్న పదకొండింటిలో తొమ్మిది ఒకే వాక్యంతో ముగిశాయి: ఫర్దర్ స్టడీస్ ఆర్ నీడెడ్. మరింత లోతైన అధ్యయనం అవసరం. మన పౌరాణిక నాటకానికి మంగళహారతిలా ఈ సెమినార్లకి ఈ వాక్యం.

ఇది మన ఊరి జబ్బే అనుకోకండి. 2018 మేలో యూజీసీ, అంటే యూనివర్సిటీలని అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, తానే ఆమోదించిన జాబితాలోంచి 4,305 జర్నళ్ళని ఒక్క దెబ్బకి తీసేసింది. లెక్చరర్ల ప్రమోషన్‌కి పాయింట్లు కావాలి, పాయింట్లకి పేపర్లు కావాలి, పేపర్లకి దుకాణాలు వెలిశాయి. దుకాణాలని తిట్టి లాభం లేదు. వాళ్ళు కనీసం చెప్పిన టైముకి డెలివరీ ఇస్తున్నారు.

రెండోరోజు ఒకాయన ఆర్కే బీచ్‌లో ఇసుక కోతకి గురవుతోందని కనిపెట్టాడు. కిటికీ పరదా తీస్తే కనిపించే సంగతి. పరదా తియ్యరు, ప్రొజెక్టర్ మీద బొమ్మ సరిగా పడదని. నైరుతి అలలు మన తీరం వెంట ఇసుకని దక్షిణం నించి ఉత్తరానికి తోస్తాయి. మధ్యలో హార్బర్ అడ్డొస్తే ఇసుక అటే ఆగిపోతుంది, ఇటు బీచ్ చిక్కిపోతుంది. ఈ ఇసుక బాధ హార్బర్ కట్టినవాళ్ళకే తెలుసు. 1933లో హార్బర్ తెరిచేనాటికే డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు ముసలి ఓడల్ని ముంచి అడ్డుకట్ట చేశారు. 1950లలో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికొచ్చి, పిల్లల్ని సముద్రం మీదికి తీసుకెళ్ళి కొలతలు తీయించాడు. తర్వాత ఔటర్ హార్బర్ కట్టాం. ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, పైపుల్లోంచి బీచ్‌కి పోస్తున్నాం. సముద్రం పట్టుకుపోతోంది, మళ్ళీ పోస్తున్నాం. ఇందులో ఇప్పుడు కొత్తగా కనిపెట్టాల్సిందల్లా, తెలిసిన సంగతిని ఇన్నేళ్ళు తెలియనట్టు ఎలా ఉండగలిగామన్నదే.

నిజంగా పనిచేసే శాస్త్రవేత్తలు ఈ ఊళ్ళో ఉన్నారు. పడవల మీద తిరిగి నీళ్ళు తోడేవాళ్ళు, ఎర్రమట్టి దిబ్బల్లో ఎండకి మాడుతూ ఇసుక రేణువుల వయసు లెక్కగట్టేవాళ్ళు. ఆ దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకి ఎక్కాయంటే వాళ్ళ చలవే. వాళ్ళెవరూ ఆ హాల్లో కనపడలేదు. పనుండి ఉంటుంది.

ఇంకో ముచ్చట. మనిషి భూమిని ఎంతగా మార్చేశాడంటే దీనికో కొత్త భూయుగమే రాసెయ్యాలని, ఆంత్రోపోసీన్ అని పేరు పెట్టి, భూగర్భ శాస్త్రవేత్తలు 15 ఏళ్ళు తర్జనభర్జన పడ్డారు. కెనడాలో క్రాఫర్డ్ అనే చిన్న సరస్సు అడుగున, ఏటికో పొరగా పేరుకున్న బురదలో అణుపరీక్షల ప్లుటోనియం దొరికింది. యుగం అక్కణ్ణించి, 1952 నించి మొదలైనట్టు గీత గీద్దామన్నారు. అలాంటి గీతకి గుర్తుగా పెట్టేదాన్ని వాళ్ళ భాషలో బంగారు మేకు అంటారు. 2024 మార్చిలో ఓట్లు లెక్కపెడితే అవునని 4, కాదని 12. మనిషికి డిపాజిట్ దక్కింది, అంతే. కాదన్నవాళ్ళ వాదన మనిషి భూమిని పాడుచెయ్యలేదని కాదు, 1952కి చాలా ముందే మొదలెట్టాడని.

ఆ పెద్దలు అంత దూరం వెళ్ళి బురద తవ్వారు గానీ, పోర్టు పక్కనున్న జ్ఞానాపురంలో మా పిన్ని ఇంటి కిటికీ గట్టు చూసి ఉంటే ఓటింగే అక్కర్లేకపోను. పిన్ని పొద్దున్న ఆరింటికి తడిగుడ్డ పెట్టి గట్టు తుడుస్తుంది. మధ్యాహ్నం అన్నాల వేళకి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని. నల్లగా పడితే బొగ్గు ఓడ వచ్చిందంటుంది, ఎర్రగా పడితే ఇనుప రాయి అంటుంది. ఆరేసిన పంచె రంగు చూసి గాలి ఎటు తిరిగిందో చెబుతుంది. ఆవిడ చదివింది అయిదో తరగతి.

ఇంకేం అధ్యయనం చేస్తారయ్యా? మన ఊరు చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె లాంటి పల్లం, గిన్నెలో పోర్టు, ఫ్యాక్టరీలు, జనం. చలికాలం రాత్రుళ్ళు గాలి కదలకపోతే మురికి గిన్నెలోనే నిలిచిపోతుందని చెప్పడానికి కొత్త పేపర్ కావాలా? జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన పేరుంది. 2024కల్లా ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిస్తామన్నారు. తర్వాత దాన్ని 40 శాతం చేసి, గడువు 2026కి జరిపారు. పీఎం10, అంటే గాలిలో తేలే సన్నటి ధూళి, ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం రాసుకుంది 2009లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. మనం 60 దగ్గరే కూర్చున్నాం, అది కూడా అందుకోలేక. కుప్పల మీద టార్పాలిన్ సరిగ్గా కప్పడానికి, లారీ చక్రాలు కడగడానికి, నీళ్ళు వేళకి చల్లడానికి ఏ యూనివర్సిటీ అనుమతి కావాలి?

పిన్ని మనవడికి ఆరేళ్ళు. వాడి స్కూలు బ్యాగ్‌లో టిఫిన్ బాక్సు పక్కన ఇన్‌హేలర్ ఉంటుంది. పెన్సిల్ చెక్కడం ఇంకా సరిగ్గా రాదు గానీ, మూత తీసి, ఊపి, నోట్లో పెట్టుకుని పీల్చి, పది దాకా లెక్కపెట్టడం వచ్చు. రాత్రి వాడు దగ్గుతుంటే పిన్ని లేచి కిటికీ మూస్తుంది. మూస్తే ఉక్క, తీస్తే మసి. గాలి మార్పు కావాలన్నాడట డాక్టరు. ఆ గాలి ఎవరు మార్చాలో చెప్పలేదు. వాడి ఊపిరితిత్తుల్లో పేరుకున్నది ఎన్నో పొరో ఏ మేకు కొట్టి చూపిస్తారు? వాడి చిన్నతనం అయిపోయేలోపు మీ అధ్యయనం మరింత లోతుకి వెళ్తుందా?

సెమినార్ నించి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ చెప్పిందంతా ఫోన్లో రాసుకున్నాను. పరిశోధన కాలం: ముప్ఫయ్యేళ్ళు. పరికరం: తడిగుడ్డ. నమూనాల సేకరణ: రోజుకు రెండుసార్లు, పండగలకి మూడు. ఫలితం: మసి. చివర ఆ మంగళహారతి వాక్యం మాత్రం పెట్టలేదు. 1,500 ఫోన్‌పే చేసి పంపాను. 48 గంటలన్నారు గానీ నాలుగు గంటల్లోనే ఆమోదం వచ్చింది. నిపుణులు ఒకే ఒక్క సవరణ అడిగారు, ముగింపులో "మరింత లోతైన అధ్యయనం అవసరం" అని చేర్చమన్నారు.

పిన్నికి ఫోన్ చేశాను. "పిన్నీ, ఇంకో మూడొందలు కడితే నీ పేరు కూడా వేస్తారట. ఫ్రేము కట్టించుకునే సర్టిఫికెట్ కూడా ఇస్తారు" అన్నాను.

"ఫ్రేమేటిరా? అద్దవుంటాదా?"

"ఉంటుంది."

"వద్దురా నాయినా. అదొకటి మళ్ళీ నానే తుడవాల."