సవరణ: రెడ్‌క్యాప్ డేటా డిక్షనరీని ఏపీఐతో దించుకోవడం

రెడ్‌క్యాప్ (పరిశోధనల కోసం డేటా సేకరించే సాఫ్ట్‌వేర్) ఏపీఐ (స్క్రిప్టుతో డేటా అడిగి తెచ్చుకునే దారి) మీద మొన్నటి పోస్టులో “ఏపీఐకి కంటెంట్ దగ్గర మెటాడేటా అని పంపితే ప్రాజెక్టు నిర్మాణం మొత్తం వచ్చేస్తుంది” అని ఉంది. మొత్తం రాదు. వచ్చేది డేటా డిక్షనరీ, అంటే ఫీల్డుల పట్టిక ఒక్కటే: పేరు, ఫారం, రకం, లేబుల్, ఆప్షన్లు, బ్రాంచింగ్ లాజిక్ (ఫీల్డు ఎప్పుడు కనిపించాలో చెప్పే షరతు) వగైరా. లాంగిట్యూడినల్ ప్రాజెక్టు (ఒకే వ్యక్తి నుంచి పలు విడతల్లో డేటా తీసుకునేది) అయితే ఏ ఈవెంట్‌లో, అంటే ఏ విడతలో, ఏ ఫారం ఉందో ఫారం-ఈవెంట్ మ్యాపింగ్‌ను విడిగా అడిగి తెచ్చుకోవాలి.

అసలు తలనొప్పి చెక్‌బాక్సులతోనే. జ్వరం, దగ్గు, ఆయాసం అని మూడు ఆప్షన్లున్న చెక్‌బాక్స్ డిక్షనరీలో ఒకే వరుస. రికార్డులు దించితే మాత్రం మూడు కాలమ్‌లు అవుతుంది. ఫీల్డు పేరు, పక్కన మూడు అండర్‌స్కోర్లు, ఆ తర్వాత ఆప్షన్ కోడ్. పేర్లు చూసి రెండు ఫైళ్లనూ కలిపే స్క్రిప్టు ఇక్కడే బోల్తా పడుతుంది. ‘ఎక్స్‌పోర్ట్ ఫీల్డ్ నేమ్స్’ కాల్‌తో ఈ పేర్ల జాబితా దొరుకుతుంది. దాన్ని మధ్యలో పెట్టుకుంటే సరి.

అవును-కాదు రకం ఫీల్డుకు ఆప్షన్ల గడి ఖాళీగా కనిపిస్తే టెన్షన్ వద్దు. 1 అంటే అవును, 0 అంటే కాదు.

టోకెన్ (ఏపీఐ వాడటానికి ఇచ్చే రహస్య కీ) గురించి మొన్న రాసింది మారలేదు: దాన్ని స్క్రిప్టులో పెట్టి ఎవరికీ పంపకండి.