పిల్లల భరణం 'జీతంలో 25 శాతం' అన్న మెసేజ్ నిజం కాదు

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "భార్యాభర్తలు విడిపోతే తండ్రి జీతంలో 25 శాతం పిల్లలది. కోర్టు ఒకసారి చెప్పాక 18 ఏళ్ల దాకా మారదు. తల్లికి ఉద్యోగం ఉంటే అడగకూడదు. నెల రోజులు జైల్లో ఉంటే బాకీ చెల్లు." ఇందులో ఒక్క ముక్కా నిలబడదు. దీన్ని నమ్మి పిటిషన్ వేయకుండా ఊరుకునే వాళ్లున్నారు, నష్టపోయేది పిల్లలు.

25 శాతం: 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు సబబేనంది. అది ఆ కేసు సంగతి. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహ తీర్పులో అదే కోర్టు భరణానికి ఒకే లెక్కంటూ ఏదీ లేదని చెప్పి, ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలంది. మొత్తం తేలేది ఆ కాగితాల మీదే.

అసలు పేచీ అక్కడే వస్తుంది. జీతం 70,000 అనుకుందాం. ఇన్‌కం టాక్స్, పీఎఫ్ కలిపి 6,000 పోతే మిగిలేది 64,000. తండ్రి పర్సనల్ లోన్ ఈఎంఐ 18,000, చిట్టీ 5,000 కూడా తీసేసి, చేతికొచ్చేది 41,000 అంటాడు. తప్పనిసరి కోతలనే కోర్టు మామూలుగా లెక్కలోకి తీసుకుంటుంది, తనంతట తాను పెట్టుకున్న వాయిదాలను కాదు. కాబట్టి పే స్లిప్పును ఒక్కో లైనూ చదవాలి. ఇటు తల్లి వైపు జరిగే పొరపాటు "పాప ఖర్చు నెలకు 30,000" అని ఊరికే రాయడం. స్కూలు ఫీజు ఏడాదికి 72,000 అయితే నెలకు 6,000. వ్యాను పది నెలలకు 18,000, దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,500. పుస్తకాలు, యూనిఫాం 9,000 అంటే నెలకు 750. ఇలా రసీదులతో చూపిస్తే కాదనడం కష్టం.

మారదన్న మాట: 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో భరణం సెక్షన్ 144 (పాత చట్టంలో 125), ఆ మొత్తంలో మార్పు సెక్షన్ 146 (పాత చట్టంలో 127). పరిస్థితి మారిందని రుజువు చేస్తే మొత్తం పెరగొచ్చు, తగ్గొచ్చు. పాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, అప్పటి అఫిడవిట్, ఇప్పటి పే స్లిప్పులు, ఫీజు రసీదులు జతచేయాలి. చాలామంది కొత్త ఖర్చులే చూపిస్తారు. అప్పుడెంత, ఇప్పుడెంత అని పక్కపక్కన పెట్టకపోతే జడ్జికి మార్పు కనిపించదు. ఉద్యోగం పోయిన తండ్రి కూడా ఈ దారిలోనే రావాలి. తనంతట తాను కట్టడం ఆపేస్తే పాత మొత్తమే నెలనెలా బకాయి పడుతుంది. కావాలని రాజీనామా చేశాడని తేలితే తగ్గింపు దొరకడం కష్టం. 2025లో ఒక భార్య భరణం కేసులో సుప్రీంకోర్టు రెండేళ్లకోసారి 5 శాతం పెంపును తీర్పులోనే రాసింది. పిల్లల పిటిషన్‌లోనూ అలాంటి పెంపు మొదటే అడగడం మంచిది.

తల్లి ఉద్యోగం: 2000లో పద్మజా శర్మ కేసులో ఇద్దరూ సంపాదిస్తున్నారని సుప్రీంకోర్టు భారాన్ని తండ్రికి రెండు పాళ్లు, తల్లికి ఒక పాలుగా పంచింది. తండ్రి బాధ్యత పోలేదు. భార్యాభర్తలు తమలో తాము "భరణం వద్దు" అని రాసుకున్న కాగితం కూడా పిల్లల హక్కును తుడిచేయదు.

పద్దెనిమిదేళ్లు: సెక్షన్ 144 కింద మామూలుగా అక్కడే ఆగుతుంది. అయితే పెళ్లికాని, సొంత ఆదాయంతో గడవని హిందూ కూతురు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20(3) కింద వేరుగా అడగొచ్చు. అభిలాష కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. శారీరక, మానసిక లోపం వల్ల పోషించుకోలేని కొడుక్కి, పెళ్లికాని కూతురికి 18 దాటాక కూడా సెక్షన్ 144 వర్తిస్తుంది.

జైలు: వసూలుకు అదొక ఒత్తిడి మాత్రమే, బాకీ అలాగే ఉంటుందని 1989లోనే తేలిపోయింది. ఇక్కడ తల్లులు చూసుకోవాల్సింది గడువు. సెక్షన్ 144 కింద బకాయి వసూలుకు వారంటు కోరే దరఖాస్తును బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపే వేయాలి. మూడేళ్ల బకాయి ఒకేసారి అడిగితే పాత నెలలకు ఈ దారి మూసుకుపోతుంది. అందుకే పదో నెల, పదకొండో నెలకల్లా ఒక దరఖాస్తు పడాలి, బకాయి కొనసాగితే మళ్లీ ఇంకొకటి.