మొదట కనిపించేది జవాబు కాదు, ప్రకటన

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే దారిలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు తీస్తాను, దరఖాస్తులు నింపుతాను, పెళ్లి పత్రికలు కంపోజ్ చేస్తాను. కానీ కొన్నేళ్లుగా నా దగ్గరికి ఎక్కువ మంది వచ్చేది ఒకే పని మీద. "కాస్త నెట్‌లో వెతికి పెట్టు" అంటారు. రోజుకు ఇరవై మంది తరఫున నేను వెతుకుతాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, వెతుకులాట చెడిపోయింది. తెలుగు మాత్రమే చదవగలిగిన వారికి మరీ చెడిపోయింది.

మొన్న శనివారం ఒక పెద్దమ్మ ఏడుస్తూ వచ్చారు. ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయిందట. మనవడు ఫోనులో ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు వెతికి, అన్నింటికంటే పైన వచ్చిన దానికి ఫోను చేశాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పది రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకోవాలన్నాడు, ఒక లింకు పంపాడు, ఒక యాప్ వేయించాడు. ఆ యాప్ మన ఫోను తెర మొత్తాన్ని వాడికి చూపించేది. పావుగంటలో ఖాతాలోంచి 18,400 రూపాయలు పోయాయి. అవి ఆమె ఎండలో మిరపకాయలు ఏరి కూడబెట్టుకున్న కూలి డబ్బులు.

నేను సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తుంటే ఆమె అడిగిన మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. "అన్నింటికన్నా పైన ఉంది కదా బిడ్డా, అబద్ధం ఎలా అవుతుంది?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? రేషన్ కార్డుల జాబితా అయినా, పరీక్ష ఫలితాలైనా పైన ఉన్నవాళ్లకు ఆ చోటు అర్హతను బట్టి వచ్చిందనే మనం నమ్ముతాం. సెర్చ్ ఇంజిన్‌లో మాత్రం ఆ చోటును డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. పక్కన స్పాన్సర్డ్, అంటే డబ్బు తీసుకుని చూపించే ప్రకటన అని, సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. అరవై ఏళ్ల కళ్లకు ఆ మాట కనబడదు, కనబడినా దాని అర్థం తెలియదు. డబ్బు కట్టకపోయినా, జనం ఏ మాటలతో వెతుకుతారో చూసుకుని, ఆ మాటలనే నింపి దొంగ పేజీలు కట్టి పైకి తెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆమె మనవడు వెతికింది ఏ సెర్చ్ ఇంజిన్‌లో అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పేరున్నవి దాదాపు అన్నీ ప్రకటనల డబ్బు మీదే బతుకుతున్నాయి.

ఈ ప్రమాదాన్ని ముందే చెప్పింది ఎవరో తెలిస్తే ఇంకా బాధ కలుగుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పరిశోధన పత్రంలోనే ఈ మాట రాశారు. ప్రకటనల ఆదాయంతో నడిచే సెర్చ్ ఇంజిన్ సహజంగానే ప్రకటనలిచ్చేవారి వైపు మొగ్గుతుందని, వెతికేవారి అవసరం వెనక్కి పోతుందని. ఆ ఇద్దరే గూగుల్‌ను పెట్టారు. ఒక పేజీ గురించి ఎంతమంది తమ పేజీల్లో లింకు ఇచ్చారో, ఆ ఇచ్చినవారు ఎంత నమ్మదగినవారో లెక్కకట్టి వరుస నిర్ణయించడం వారి పద్ధతి. ఊళ్లో మంచి వైద్యుడెవరని నలుగురు పెద్దమనుషులను అడిగినట్లు ఉండేది. 2005 ప్రాంతంలో నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నిజంగా అలాగే పనిచేసేది, మొదటి మూడింటిలో కావలసింది దొరికేది. ఇప్పుడు ఆ సంస్థే తమ సెర్చ్ ఇంజిన్‌ను ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగానే పెట్టి ఉంచడానికి 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. 2024 ఆగస్టులో అక్కడి న్యాయమూర్తి అమిత్ మెహతా, వారు తమ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్నారని తీర్పు ఇచ్చారు. అంత డబ్బు మన కళ్ల ముందు నిలబడటానికి పెట్టగలిగినవారు, కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికినప్పుడు పైన వచ్చేది అసలైనదా కాదా అని చూడలేరా? చూడగలరు. చూడాలి కూడా.

ఇక రైతుల సంగతి. 2021-22లో మన దగ్గర మిరప తోటలను నల్ల తామర పురుగు ఎలా నాశనం చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పూతలో చేరి రసం పీల్చేసింది, పూత రాలిపోయింది, చాలామంది తోటలనే పీకేశారు. ఆ రోజుల్లో వర్ధన్నపేట వైపు నుంచి ఒక రైతు వచ్చారు. "తమ్మీ, ఇది నేను అడిగింది చెప్పడం లేదు" అంటూ ఫోను చేతిలో పెట్టారు. ఆయన ఫోనుతో "తామర పురుగుకు మందు" అన్నారు. వచ్చినవన్నీ చర్మానికి రాసుకునే లేపనాలు! మనకు తామర అంటే పువ్వు, తామర అంటే చర్మవ్యాధి, తామర అంటే పురుగు కూడా. ఏ సందర్భంలో ఏదో మన పిల్లలకు సైతం తెలుసు.

మిరప అన్న మాట చేర్చి నేను వెతికాను. అన్నీ వీడియోలే. మొదటిది పన్నెండు నిమిషాలు. మందు పేరు చెప్పింది పదో నిమిషంలో, అదీ ఎవరిదో దుకాణం ప్రచారంతో కలిపి. తెలుగులో రాసిన పేజీ ఒకటి దొరికింది కదా అని తెరిస్తే, ఆకులు ముడుచుకుంటాయి అనాల్సిన చోట సెలవులు ముడుచుకుంటాయి అని ఉంది. ఇంగ్లిషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి యంత్రం అలా మార్చేసింది. ఎదురుగా రెండెకరాలు పోగొట్టుకున్న మనిషి కూర్చుని ఉంటే నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

ఈ మధ్య కృత్రిమ మేధ (ఏఐ) రాసే సారాంశాలు పేజీ పైభాగాన్ని ఆక్రమించాయి. 2024లో ఇలాంటి సారాంశం ఒకటి పిజ్జా మీద చీజ్ నిలవడానికి జిగురు కలపమని చెప్పిందని ప్రపంచమంతా చెప్పుకుంది. మన దగ్గర ఇది పిజ్జాతో ఆగదు. ఎకరానికి వాడాల్సిన మోతాదును లీటరు నీటికి అన్నట్లు రాసిన సారాంశాన్ని నేను స్వయంగా చూశాను. దాన్ని నమ్మి పిచికారీ చేస్తే తోట మాడిపోతుంది, చేసినవాడి ప్రాణానికే ముప్పు.

తెలుగును ఈ పెద్ద కంపెనీలు ఎప్పుడూ చివరగానే చూసుకుంటాయి. 2018 ఫిబ్రవరిలో జ్ఞ మీద దీర్ఘం ఉన్న ఒక అక్షర రూపం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, గుర్తుందా? జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం అది. కోట్ల మంది రాసే లిపిలో రోజూ వాడే అక్షరాన్ని సరిగ్గా పరీక్షించకుండానే ఫోన్లు అమ్మారు.

అయితే తప్పంతా వాళ్లదే అనలేను. మా వృత్తి చేసిన నష్టం కూడా ఉంది. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. మేము మాత్రం ఏళ్ల తరబడి పుస్తకాలు, కరపత్రాలు, నోటీసులు అన్నీ 'అను' అనే పాత తరహా ఫాంట్లలోనే కొట్టాం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, సెర్చ్ ఇంజిన్‌కు అందులో ఒక్క తెలుగు అక్షరం కూడా కనబడదు. నేను చేసిన వందల పుస్తకాల పేజీలు అలా ఎవరికీ దొరకకుండా ఉన్నాయి. కార్యాలయాలు తెలుగులో ఉత్తర్వులు ఇచ్చినా కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మలా పెడతాయి, దాన్ని వెతకడం మరీ కష్టం. మన బమ్మెర పోతన పేరుతో దేశికాచారి గారు యూనికోడ్ ఫాంటు తయారుచేసి ఉచితంగానే ఇచ్చారు. పోతన ఊరు మనకు ఇంత దగ్గర, ఆయన పేరున్న ఫాంటు వాడటానికే మాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు వ్యవసాయ సమాచారం ఏది కంపోజ్ చేయమన్నా యూనికోడ్‌లోనే చేస్తున్నాను. అచ్చుకు మార్చుకోవడానికి గంట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. దుకాణం గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాను. అందులో ఉన్నవి ఇవి: సైబర్ మోసానికి 1930, డబ్బు పోయిన వెంటనే చేయాలి, ఆలస్యమైతే అది చేతులు మారిపోతుంది. పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు. వస్తువుల మరమ్మతుకు కంపెనీ నంబరు నెట్‌లో వెతకవద్దు, కొన్నప్పుడు ఇచ్చిన బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో చూడండి. ఫోనులో మాట్లాడుతూ ఎవరైనా యాప్ వేసుకోమంటే వెంటనే ఫోను కట్ చేయండి.

ఆ పెద్దమ్మ డబ్బులు ఇంకా రాలేదు, మళ్లీ సోమవారం కనుక్కోవాలి. మీ ఊళ్లో నెట్ సెంటరో, మీ సేవ కేంద్రమో నడిపేవారు ఎవరైనా ఈ కాగితం కావాలంటే అడగండి. యూనికోడ్‌లోనే ఉంది, మీకు కావలసిన నంబర్లు చేర్చుకోవచ్చు. పంపిస్తాను.